గడియారం మొరాయించాలి

2008 ఎండాకాలం సెలవులు. మధిర దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో జాతర. గాజుల కొట్టుకీ జిలేబీ బండికీ మధ్య నేల మీద పట్టా పరుచుకుని ఒకతను బొమ్మలు అమ్ముతున్నాడు. తాతయ్యని పీకి పాకం పెట్టి అతని దగ్గర బెన్ 10 అనే టీవీ కార్టూన్‌లోని వాచీ బొమ్మ కొనిపించుకున్నాను. అరవై చెప్పాడు, తాతయ్య నలభైకి తెగ్గొట్టాడు.

టైము చూసుకోవడానికి ఎవరూ ఆ వాచీ కొనరు. అంకెలు ఉండేవి గానీ మూడో రోజుకే మాయమయ్యాయి. పక్కనున్న బటన్ నొక్కితే డయల్లోంచి చిన్న లైటు వెలిగి గోడ మీద గుండ్రంగా ఒక ఏలియన్ బొమ్మ పడుతుంది. చుట్టూ ఉన్న రింగు టక్కుమని తిప్పితే ఇంకో ఏలియన్. గోడకి జానెడు దూరంలో పెడితేనే అది ఫలానా అని తెలిసేది, మూరెడు వెనక్కి జరిగితే ఉత్త రంగు మరక. అప్పట్లో రాత్రి ఎనిమిదింటికల్లా కరెంటు పోయేది. అందరూ విసనకర్రలు పట్టుకుని వాకిట్లోకి వెళ్తే నేనూ అక్కా ఉక్కపోతలో లోపలే కూర్చుని సున్నం గోడ మీద ఏలియన్లని వేసుకునేవాళ్ళం.

రెండో వారంలో రింగు ఇరుక్కుపోయింది. నాకు కావాల్సింది ఫోర్ ఆర్మ్స్, నాలుగు చేతుల ఎర్రటి వస్తాదు. వాచీ ఇచ్చేది స్టింక్‌ఫ్లై, కంపు కొట్టే పురుగు. పిన్నీసుతో పొడిచాను. కొబ్బరినూనె చుక్క వేశాను. నేలకేసి కొట్టాను. కొట్టాక కూడా స్టింక్‌ఫ్లైయే.

మా తాతయ్య ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మడత మంచం వాల్చుకుని మాతోపాటే టీవీ చూసేవాడు. ఆయన చూపు బెన్ మీద ఉండేది కాదు, బండి మీద ఉండేది. బెన్ వాళ్ళ తాత మ్యాక్స్ నడిపే పాత ఇంటిబండి ఒకటుంటుంది, రస్ట్ బకెట్ అని. అది మలుపు తిరిగినప్పుడల్లా తాతయ్య పడుకున్నవాడు లేచి కూర్చునేవాడు. "అంత బండిని ఆ స్పీడులో కోస్తే పల్టీ కొట్టదూ" అని. ఒకరోజు బెన్ వాచీలో ఒక ఏలియన్‌ని ఎంచుకుంటే ఇంకోటి వచ్చింది. ఛీ, ఈ వాచీ బాగుంటే ఈపాటికి గెలిచేసేవాడు అన్నాన్నేను. తాతయ్య కళ్ళు తెరవకుండానే అన్నాడు: "అది బాగుంటే నీ బొమ్మల సినిమా ఐదు నిమిషాల్లో అయిపోద్దిరా. మొరాయించబట్టే కదా వాడు బుర్ర వాడేది."

ఇన్నేళ్ళ తర్వాత నేను చెప్పబోయేది ఇంతకంటే ఎక్కువేం కాదు. కాస్త సాగదీసి చెబుతానంతే. సాగదీయాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, మా అక్క కొడుక్కి ఇప్పుడు తొమ్మిదేళ్ళు, వాడికి బెన్ 10 పిచ్చి పట్టింది. మా అక్క, గోడ మీద ఏలియన్లని వేసిన ఆ అక్కే, "పొద్దస్తమానం ఆ కొట్టుకోవడం చూసి చూసి వీడూ కొడుతున్నాడు, నువ్వైనా చెప్పరా" అని నాకు ఫోన్ చేసింది. చెప్పడానికి వెళ్ళి వాడి పక్కన కూర్చుని నేనూ చూశాను. మూడు వారాలు చూశాను.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. 2005 డిసెంబరు 27న అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదటిసారి వచ్చింది. తయారుచేసింది మ్యాన్ ఆఫ్ యాక్షన్ అనే పేరుతో కలిసి పనిచేసే నలుగురు కామిక్స్ రచయితలు: జో కేసీ, జో కెల్లీ, డంకన్ రూలో, స్టీవెన్ సీగల్. పదేళ్ళ బెన్ టెన్నిసన్ వేసవి సెలవుల్లో తాత మ్యాక్స్‌తో, గ్వెన్ అనే అమ్మాయితో కలిసి ఇంటిబండిలో అమెరికా అంతా తిరగడానికి బయల్దేరతాడు. బెన్‌కీ గ్వెన్‌కీ క్షణం పడదు. మొదటి రాత్రే ఆకాశంలోంచి ఒక గోళం వచ్చి అడవిలో పడుతుంది. చూద్దామని వెళ్తే అందులోంచి ఒక గడియారం ఎగిరి వీడి ఎడమ మణికట్టుకి పట్టుకుంటుంది, ఇక ఊడదు. దాని పేరు ఓమ్నిట్రిక్స్. అందులో పది రకాల గ్రహాంతర జాతుల డీఎన్ఏ ఉంది. డయల్ తిప్పి అరచేత్తో ఒక్కటి చరిస్తే బెన్ ఆ జీవిగా మారిపోతాడు. సుమారు పది నిమిషాలు. తర్వాత గడియారం బీప్ బీప్‌మని ఎర్రగా మెరిసి, ఎక్కడున్నా, ఏం చేస్తున్నా మళ్ళీ పదేళ్ళ పిల్లాణ్ణి చేసి వదిలేస్తుంది. డయల్ మళ్ళీ పచ్చబడేదాకా ఆగాల్సిందే.

మొదట మారింది హీట్‌బ్లాస్ట్‌గా. ఒళ్ళంతా నిప్పు. మారగానే వాడు చేసిన ఘనకార్యం ఏమిటంటే అడవి తగలబెట్టడం. ఆర్పడానికి ఉపాయం చెప్పింది తాత: ఎదురు మంట పెట్టు, రెండూ కలిసి ఆరిపోతాయి అని. అంటే సిరీస్ మొదలవడమే ఒక పిల్లాడు తనకి దొరికిన బలంతో కొంప అంటించడం, ఒక పెద్దాయన దగ్గరుండి సర్దించడం. ఆ ఒక్క ఎపిసోడ్ మా అక్కకి చూపిస్తే చాలనిపించింది నాకు.

ఇక గడియారం సంగతి. బెన్ వజ్రంలాంటి గట్టి ఒళ్ళున్న డైమండ్‌హెడ్ అనుకుని చరుస్తాడు, గ్రే మ్యాటర్ వస్తుంది, చూపుడువేలికి కాస్త ఎక్కువ ఎత్తున్న బూడిదరంగు కప్పలాంటి జీవి. ఎదురుగా ఇనప రోబో. ఇప్పుడేం చేస్తాడు? రోబో చెవిలోకి దూరి తీగలు పీకుతాడు, అలాంటిదేదో. ఇది మన పిల్లలకి ఎందుకంత ఎక్కిందో చెప్పడానికి పెద్ద సిద్ధాంతాలక్కర్లేదు. కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టిన ప్రతి ఇంటికీ ఈ కథ తెలుసు. సీఎస్ఈ అని చరుస్తాం, సివిల్ వస్తుంది. వచ్చినదాంతోనే రోబోని కొట్టాలి.

మా అమ్మమ్మ మాత్రం ఇదంతా మనదే అనేది. "దశావతారాలు రా, వాళ్ళు ఎత్తుకెళ్ళారు." లెక్క కూడా కుదిరింది, పదికి పది. నీళ్ళలో ఈదే ఏలియన్ రిప్‌జాస్‌ని చూపించి మత్స్యావతారం అని తేల్చేసింది. నేను ఆ వయసులో ఒప్పేసుకున్నాను గానీ ఇప్పుడు ఒప్పుకోను. విష్ణుమూర్తి మత్స్యం అవుదామనుకుంటే కూర్మం రాలేదు. ఉగ్ర నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాక టైమైపోయి బీప్ కొట్టలేదు. అవతారం అంటే పనికి తగ్గ రూపం దేవుడే చూసి ఎంచుకోవడం. బెన్‌ది వచ్చిన రూపానికి తగ్గ పని వెతుక్కోవడం. అమ్మమ్మతో ఈ వాదన పెట్టుకునే అవకాశం ఇప్పుడు లేదు, ఉన్నా గెలిచేవాణ్ణి కాదు.

అదే ఏడాది, 2008లోనే, మన హైదరాబాద్‌లో తయారైన ఛోటా భీమ్ పోగోలో మొదలైంది. రాజీవ్ చిలక పెట్టిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాళ్ళది. దేశమంతా ఊగిపోయింది, మన ఊరి నుంచి వెళ్ళిందని నాకూ గర్వమే. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. భీమ్ లడ్డూ తింటాడు, బలం వస్తుంది, గెలుస్తాడు. లడ్డూ ఎప్పుడూ మోసం చేయదు. తిన్నాక అరగకపోవడం, తినబోతే జున్నుండ రావడం ఉండదు. భీమ్ మంచివాడు కాబట్టి బలవంతుడు, బలవంతుడు కాబట్టి గెలుస్తాడు. చిన్నపిల్లలకి ఆ భరోసా కావాలి, కాదనను. నాలుగేళ్ళ పిల్లాడికి లడ్డూ, తొమ్మిదేళ్ళ వాడికి గడియారం. తొమ్మిదో ఏట పిల్లాడికి తెలిసిపోతుంది, తను మంచివాడైనా లెక్క తప్పొచ్చని, పక్కవాడు పొడుగవుతున్నా తను అవట్లేదని, తన గొంతు, తన కాళ్ళు తన మాట వినట్లేదని. ఒంట్లో ఏం మొదలవుతుందో తెలియని ఆ వయసు పిల్లాడి కథని ఇంత సూటిగా చెప్పింది ఇంకోటి నేను చూడలేదు. పొద్దున లేచేసరికి ఏ ఒంటితో లేస్తామో మన చేతుల్లో లేదు. ఇదంతా రచయితలు అనుకునే రాశారని నేననను. రూల్ అలాంటిది పెట్టుకున్నారు, మిగతాది రూలే రాసుకుంది.

ఆ పది ఒళ్ళ గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. వైల్డ్‌మట్ అని ఒకటుంది, నారింజరంగు కుక్కలాంటి జంతువు. దానికి కళ్ళు లేవు. మాట రాదు. వాసనతో, శబ్దంతో లోకాన్ని చూస్తుంది. తెర మీద మనకి కూడా దాని చూపే చూపిస్తారు, ఎదుటివాళ్ళు రంగు మబ్బుల్లా కదులుతుంటారు. బెన్ లోపల అరుస్తుంటాడు, బయటికి గుర్రుమనే వస్తుంది. గ్వెన్‌కి విషయం చెప్పాలంటే చెప్పలేడు. స్టింక్‌ఫ్లైకి రెక్కలున్నాయి గానీ దగ్గరికెళ్తే అందరూ ముక్కు మూసుకుంటారు. రిప్‌జాస్ నీళ్ళలో రాజు, గట్టు మీద కాసేపుంటే ఎండిపోతాడు. గ్రే మ్యాటర్ అందర్లోకీ తెలివైనవాడు, వాణ్ణి పిల్లి ఎత్తుకెళ్ళగలదు. ప్రతి ఒంటికీ ఒక బాధ ఉంది. బలం ఊరికే రాలేదు, దాని బరువుతో వచ్చింది. ఎక్స్ ఎల్ ఆర్ ఎయిట్ అని ఒక వేగం ఏలియన్. దాన్ని అక్షరాలుగా కాకుండా కలిపి చదివితే ఇంగ్లీషులో వేగం పెంచడమనే మాట వస్తుందని నాకు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో, బస్సులో కూర్చుని ఉండగా వెలిగింది. పక్కాయన నవ్వెందుకని అడిగాడు, చెప్పలేకపోయాను.

ఘోస్ట్‌ఫ్రీక్ దగ్గర కథ ఇంకో మెట్టు దిగుతుంది. దయ్యంలాంటి ఆ జీవి డీఎన్ఏలోనే దాని స్పృహ బతికుంటుంది. బెన్‌కి ఆ రూపమంటే భయం పట్టుకుంటుంది, చివరికి అది గడియారంలోంచి బయటపడి వాడి మీదికే వస్తుంది. చిన్నప్పుడు ఆ ఎపిసోడ్ చూసి నేను వారం రోజులు అమ్మమ్మ పక్కన పడుకున్నాను. ఇప్పుడు చూస్తే ఇంకోటి తట్టింది. అద్దెకి తెచ్చుకున్న ఒంటికి ఒక సొంతదారు ఉంటాడు. ఆయన ఎక్కడున్నాడు, ఆయనకి ఇది ఇష్టమా అని మనం అడగలేదు.

మనకి పరకాయ ప్రవేశం అనే మాట ఉంది. విక్రమార్కుడి కథల్లో అది విద్య, మోసం కూడా. తన ఒంటిని ఎవరికో కాపలా పెట్టి ఇంకో ఒంట్లోకి వెళ్తాడు, కాపలావాడు అదే ఒంట్లో దూరి కూర్చుంటాడు. కానీ మామూలు మాటల్లో దాన్నే ఇంకో అర్థంలోనూ వాడతాం, నటుడు పాత్రలో పరకాయ ప్రవేశం చేశాడు అని. ఓమ్నిట్రిక్స్ చేసిన శాస్త్రవేత్త అజ్మత్‌కి కావాల్సింది ఆ రెండో అర్థమే. 2007లో వచ్చిన 'సీక్రెట్ ఆఫ్ ది ఓమ్నిట్రిక్స్' సినిమాలో ఆయన కనిపిస్తాడు. విశ్వంలోకెల్లా గొప్ప మేధావి అంటే ఏ గడ్డాల మహానుభావుడో అనుకుంటాం, ఆయనదీ గ్రే మ్యాటర్ జాతే, జానెడు కూడా ఉండడు. ఆయన గడియారం చేసింది కొట్టుకోవడానికి కాదు. ఒక జాతివాళ్ళు ఇంకో జాతి ఒంట్లో కాసేపు ఉండి వస్తే వాళ్ళ సంగతి అర్థమవుతుందని. లోకం దాన్ని ఆయుధం అనుకుంది. విల్‌గ్యాక్స్ అనే విలన్‌కి అది కావాల్సింది అందుకే. బెన్ కూడా చాలా కాలం అలాగే అనుకుంటాడు. మా అక్క కూడా అలాగే అనుకుంటోంది.

పరిమితి లేకపోతే ఏమవుతుందో సిరీసే రెండుసార్లు చూపించింది. కెవిన్ అనే కుర్రాడు గడియారం శక్తిని పీల్చుకుంటాడు. గడియారంతో పనిలేకుండానే పది బలాలూ వచ్చేస్తాయి. తర్వాత ఆ పదీ కలిసిపోయిన వికార రూపంలో ఇరుక్కుపోతాడు, దించుకోలేడు. మేం చిన్నప్పుడు వాడే ఎక్కువ బలవంతుడు కదా అని వాదించుకునేవాళ్ళం. రెండోది 'బెన్ 10,000'. బెన్, గ్వెన్ ఇరవై ఏళ్ళు ముందుకెళ్ళి పెద్దయిన బెన్‌ని చూస్తారు. ఆయన గడియారానికి టైము లిమిట్ లేదు, తప్పు ఏలియన్ రాదు, కావాల్సిందే వస్తుంది. ఆయన మనిషి రూపంలోకి రావడమే మానేశాడు. నవ్వడు. ఇంట్లోవాళ్ళతో గడపడానికి టైము లేదు, ఎప్పుడూ పనే. పదేళ్ళ బెన్ ముందు నోరు తెరుచుకుని చూసి, తర్వాత మొహం వేలాడేస్తాడు. హైటెక్ సిటీ నుంచి రాత్రి పదకొండుకి ఇంటికొచ్చే మా బావ ఆ ఎపిసోడ్ అయ్యేంతవరకు ఫోన్ పక్కన పెట్టి చూశాడు. ఏం మాట్లాడలేదు.

ఇంత తెలిసినవాళ్ళు తర్వాత ఏం చేశారు? గడియారాన్ని బాగుచేశారు. ఇక్కడే నాకు కోపం.

బొమ్మల వ్యాపారం గురించి అమాయకంగా మాట్లాడను. పది ఏలియన్లంటే పది బొమ్మలు. బాండాయ్ కంపెనీ బొమ్మలు ప్రపంచమంతా అమ్మింది. మా ఊరి జాతర దాకా వచ్చినవి నకిలీలే అనుకోండి. కార్టూన్ పేరుతో బొమ్మలు అమ్ముతున్నారని ఏడ్చేవాళ్ళతో నేను కలవను, మొదటి సిరీస్‌లో కథకీ బొమ్మకీ రాజీ కుదిరింది. పేచీ తర్వాతది. కొత్త సీజన్ కావాలంటే కొత్త బొమ్మ కావాలి, కొత్త బొమ్మ కావాలంటే కొత్త ఏలియన్ కావాలి, కొత్త ఏలియన్ పాతదానికంటే బలంగా ఉండాలి. 2010లో 'అల్టిమేట్ ఏలియన్' అనే కొత్త సిరీస్ వచ్చేసరికి ఉన్న ఏలియన్ మీద ఇంకోసారి చరిస్తే అది ఇంకా పెద్దదై, ముళ్ళు మొలిచి, ఫిరంగులు మొలిచి లేస్తుంది. ఎలాగంటే, ఆ జాతి లక్షల ఏళ్ళు ఘోరమైన యుద్ధ పరిస్థితుల్లో బతికితే ఎలా మారేదో గడియారం లోపల లెక్కకట్టి ఆ రూపం ఇస్తుందట. అజ్మత్ శాంతి కోసం చేసిన వస్తువు ఇప్పుడు లోపల లక్షల ఏళ్ళ యుద్ధాన్ని తిప్పుతోంది. సిరీస్‌కి ఈ సంగతి తెలియక కాదు. ఈ అల్టిమేట్ రూపాలిచ్చే కొత్త గడియారం చేసింది అజ్మత్ కాదు, ఆయన్ని కాదని పోయిన సహాయకుడు ఆల్బెడో అని చెప్పారు. ఆ అల్టిమేట్ రూపాలే ఎదురుతిరిగిన ఎపిసోడ్ కూడా ఒకటి పెట్టారు. అన్నీ తెలుసు. తెలిసి, మరుసటి వారం మళ్ళీ ముళ్ళూ ఫిరంగులూ. 2012లో మొదలైన 'ఓమ్నివర్స్'లో పాత మొరాయింపు కొంత తిరిగొచ్చింది గానీ అప్పటికి ఏలియన్లు యాభై దాటేశాయి. యాభై ఒళ్ళున్నవాడికి ఏ ఒంటి బాధా అర్థం కాదు. 2016లో మళ్ళీ మొదటికొచ్చి పదేళ్ళ బెన్‌తో పదకొండు నిమిషాల ఎపిసోడ్లు తీశారు. మా మేనల్లుడికి అవి ఇష్టం, నాకు మజ్జిగలో నీళ్ళు కలిపినట్టుంది.

ఒక్క మినహాయింపు. 2008లోనే వచ్చిన 'ఏలియన్ ఫోర్స్'. అది చెప్పే ముందు వరసల సంగతి ఒకటి తేల్చాలి.

గ్వెన్ బెన్‌కి ఏమవుతుంది? ఇంగ్లీషువాళ్ళకి ఒక్క మాటతో తీరిపోతుంది, కజిన్. మనకి తీరదు. వాళ్ళు మేనత్త పిల్లలా, బాబాయి పిల్లలా? మేమిద్దరం దీని మీద చాలా తగువులాడాం. చివరికి అక్క తేల్చింది: ఇద్దరి ఇంటిపేరూ టెన్నిసనే, ఇద్దరి నాన్నలూ మ్యాక్స్ కొడుకులే, కాబట్టి అన్నాచెల్లెళ్ళు. ఇద్దరూ ఒకే రోజు పుట్టారు కాబట్టి ఎవరు పెద్ద అనేది మాత్రం మిగిలిపోయింది. ఈ వరస ఎందుకంత ముఖ్యమైందంటే, మా ఇంట్లో ఆ రోజుల్లో ఇలాంటి మాటలే నడిచేవి. మా మేనమామ కూతుర్ని నాకే ఇస్తామని పెద్దవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. ఆ పిల్లకి నాలుగేళ్ళు, నాకు పది. మా బంధువుల్లో మేనరికాలు బోలెడు. అందులో ఒకింట్లో ఇద్దరు పిల్లలు పుట్టుకతోనే చెవుడు. దగ్గరి రక్తంలో చేసుకుంటే పుట్టుకలోపాలు వచ్చే అవకాశం పెరుగుతుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. అయినా "బయటివాళ్ళ రక్తం ఎలాంటిదో ఏమో" అనే మాట పోలేదు.

'ఏలియన్ ఫోర్స్'లో బెన్‌కి పదిహేనేళ్ళు. తాత కనిపించకుండా పోతాడు. శత్రువులు హైబ్రీడ్ అనే జాతి. వాళ్ళ దృష్టిలో వాళ్ళు తప్ప విశ్వంలో మిగతావన్నీ పురుగులు. బెన్‌ని తాకడం కూడా మైల. అందరినీ తుడిచిపెట్టేద్దామని బయల్దేరతారు. ఎందుకంత పంతమో చివర్లో తెలుస్తుంది. తరతరాలుగా రక్తం కలవకూడదని తమలో తామే చేసుకుని చేసుకుని, చిన్న రోగాన్ని కూడా తట్టుకోలేని స్థితికి వచ్చారు. పిల్లలు పుట్టరు, ఇదే ఆఖరి తరం. మేం పోతే మాకంటే తక్కువవాళ్ళు మిగలకూడదు, అదీ వాళ్ళ లెక్క. వాళ్ళలో ఒకడి పేరు రైన్‌రాసిక్. జర్మన్‌లో రైన్‌రాసిగ్ అనే మాటకి అర్థం స్వచ్ఛమైన జాతికి చెందిన అని. పేరు పెట్టినవాళ్ళు దాచుకోలేదు.

ఆ సిరీస్‌ని నడిపించింది గ్లెన్ మురకామి, డ్వేన్ మెక్‌డఫీ. మెక్‌డఫీ నల్లజాతి రచయిత. 1993లో మిత్రులతో కలిసి మైల్‌స్టోన్ మీడియా పెట్టి నల్లజాతి హీరోలతో కామిక్స్ వేసినవాడు. 2011లో పోయాడు. జాతి శుద్ధి అనే మాట ఎక్కడ గుచ్చుకుంటుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2009లో వచ్చిన ఆ కథ ముగింపులో బెన్ ఏ ఏలియన్‌గానూ మారి గెలవడు. గడియారంలో ఉన్న వేరే జాతుల డీఎన్ఏని హైబ్రీడ్ అందరిలోకీ కలిపేస్తాడు. అంతే, జబ్బు కుదురుతుంది. కానీ బతికి బయటపడ్డవాళ్ళు సంతోషించరు! ఒకడి చేయి వేరేలా ఉంది, ఇంకొకడి మొహం వేరేలా ఉంది. ఛీ, మైలపడిపోయాం, చావడమే నయం అనుకుంటారు. అప్పుడు ముందుకొచ్చి నాయకత్వం తీసుకునేది రైన్‌రాసికే. అంతకుముందు ఒక ఎడారి గ్రహం మీద బెన్‌తో ఒంటరిగా చిక్కుకుని, ఇద్దరూ ఒకరినొకరు బతికించుకుని, తను మైలపడ్డానని ఇంటికి వెళ్ళకుండా అక్కడే ఉండిపోయినవాడు.

గడియారం చేసిన పని అజ్మత్ అనుకున్న పనికి అతి దగ్గరగా వచ్చింది అక్కడే. దెబ్బలాట లేదు, చరిచే చప్పుడు లేదు. పన్నెండేళ్ళప్పుడు నాకు ఇది నచ్చలేదు, ఆఖరి ఫైటింగ్ తీయలేదని తిట్టుకున్నాను. ఇప్పుడు మేనల్లుడు కూడా అదే అన్నాడు: "మామా, ఫైటే లేదేంటి?" తర్వాత ఇంకోటి అడిగాడు: "బాగైతే మంచిదే కదా, వాళ్ళెందుకు ఏడుస్తున్నారు?" నేను జవాబు వెతుక్కునేలోపు వంటింట్లోంచి అక్క అంది, "పరువు పోయిందని నాన్నా." దానికి మా ఇంట్లో ఒక పాత పెళ్ళి గొడవ ఉంది. వేరే కులం అబ్బాయిని చేసుకున్న మా పిన్ని కూతురు ఆరేళ్ళు ఈ గుమ్మం తొక్కలేదు. ఆ ఆరేళ్ళూ నాతో మాట్లాడింది అక్కే, ఇంట్లో ఎవరికీ తెలియకుండా. అక్క ఇంకేం అనలేదు, నేనూ పొడిగించలేదు.

అయితే అక్క ఫిర్యాదు మాత్రం ఉత్తిది కాదు. పిల్లాడు కొడుతున్నాడు. పక్కింటి పిల్లాడి పెదవి చిట్లింది, వాళ్ళమ్మ వచ్చి నాలుగు మాటలు అని వెళ్ళింది. నేను గమనించింది ఏమిటంటే వాడు 'అల్టిమేట్' చూసే రోజుల్లో ఎక్కువ కొట్టాడు. దీనికి నా దగ్గర సాక్ష్యం మూడు వారాలు, ఒక్క పిల్లాడు, అంతే, కాబట్టి నమ్మకపోయినా ఏమనుకోను. కారణం మాత్రం నాకు సబబుగానే కనిపిస్తుంది. అల్టిమేట్ ఆటలో ఎవడు ఎక్కువ బలమైతే వాడిదే గెలుపు, కాబట్టి ప్రతివాడూ నేనే పెద్ద అంటాడు, అక్కడ తన్నులాట మొదలు. పాత ఆటలో ఎవరికేం వస్తుందో తెలియదు. మేం చిన్నప్పుడు చీటీలు వేసుకునేవాళ్ళం. పది చీటీల మీద పది పేర్లు, గిన్నెలో వేసి కుదిపి తలో ఒకటి. వచ్చినదాన్ని మార్చుకోవడానికి వీల్లేదు, తాతయ్య జడ్జి. అప్‌గ్రేడ్ వచ్చినవాడు దేనికైనా అతుక్కుని దాన్ని నడపాలి కాబట్టి మా చిన్న మామయ్య సైకిల్‌కి కరుచుకుని కూర్చునేవాడు.

ఆ పద్ధతి మేనల్లుడికి చెప్పాను. అక్కతో ఒప్పందం: మొదటి నాలుగు సీజన్లు, 'ఏలియన్ ఫోర్స్'లో హైబ్రీడ్ కథ అయ్యేదాకా. ఆపైన వాడికి పదమూడొచ్చాక వాడిష్టం. చీటీలు మా బావ విజిటింగ్ కార్డుల వెనక రాశాం. మొన్న ఆదివారం అపార్ట్‌మెంట్ పిల్లలు ఆరుగురొచ్చారు, పెదవి చిట్లినవాడు కూడా. వాడికి ఫోర్ ఆర్మ్స్ వచ్చింది. మావాడు చీటీ విప్పి, మొహం మాడ్చుకుని, నావైపు చూశాడు. మార్చుకోవడానికి వీల్లేదన్నాను.

అక్క దుపట్టా తీసుకుని కళ్ళకి కట్టుకున్నాడు. నేల మీద నాలుగు కాళ్ళ మీద నడుస్తూ, సోఫాకి గుద్దుకుని, షూ ర్యాక్ వాసన చూసి తుమ్మి, చివరికి వంటింటి గడప దగ్గర ఆగి ముక్కు పైకెత్తాడు. లోపల అక్క మిరపకాయ బజ్జీలు వేస్తోంది.

"ఏం కావాల్రా?" అంది.

వాడు గుర్రుమన్నాడు.

"నోటితో చెప్పి ఏడువు, ఆకలా?"

మళ్ళీ గుర్రు. అక్క గరిట పట్టుకుని నావైపు తిరిగింది. వైల్డ్‌మట్‌కి మాటలు రావన్నాను.